ఒక ఇల్లు అమ్ముతూ ఇంకో ఇల్లు కొంటున్నారా? ఇంగ్లండ్‌లో సొలిసిటర్‌ని పెట్టుకునే ముందు ఇది చదవండి

మధ్యాహ్నం రెండున్నర. పాత ఇంటి తాళాలు పదకొండింటికే ఎస్టేట్ ఏజెంట్ చేతిలో పెట్టేశాం. కొత్త ఇంటి ముందు కారులో కూర్చున్నాం, మా ఆవిడ ఒళ్లో దేవుడి పటాలు, వెనక సీట్లో పిల్లలిద్దరి మధ్య కుక్కరూ ఇడ్లీ పాత్రా, మా వెనకాల సామాన్ల వ్యాను, దాని డ్రైవరు పది నిమిషాలకోసారి వచ్చి మూడు దాటితే వెయిటింగ్ చార్జీ పడుతుందని గుర్తు చేసి పోతున్నాడు. మా డబ్బు మాత్రం రెండు సొలిసిటర్ ఆఫీసుల, అంటే ఇల్లు చేతులు మారే పని చూసే లాయర్ల ఆఫీసుల మధ్య ఎక్కడో ఉంది. అమ్మకానికి ఒక ఫర్మ్, కొనడానికి ఇంకో ఫర్మ్ పెట్టింది నేనే, రెండు వందల పౌండ్లు మిగులుతాయని. అమ్మకం ఫర్మ్ వాళ్లు డబ్బు పంపేశామంటారు, కొనుగోలు ఫర్మ్ వాళ్లు మాకు కనిపించడం లేదంటారు. తాళాలు చేతికొచ్చేసరికి నాలుగూ నలభై, అదీ అవతలి ఇంటాయన మంచివాడు కాబట్టి. మిగిలిందనుకున్న రెండొందలు వ్యాను డ్రైవరుకే పోయాయి.

రెండోసారి ఇల్లు మారినప్పుడు బుద్ధి తెచ్చుకుని వేరేగా చేశాను. ఆ రెండు సార్లలో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. ఇదంతా ఇంగ్లండ్ గురించి, వేల్స్‌లో కూడా టాక్స్ తప్ప మిగతాదంతా దాదాపు ఇంతే. స్కాట్లండ్‌లో పద్ధతే వేరు, అక్కడ ఆఫర్ పెట్టేది కూడా సొలిసిటరే, కాబట్టి ఎడిన్‌బరాలో ఉన్నవాళ్లు దీన్ని పట్టుకుని వెళ్లొద్దు.

1. సొలిసిటర్ చేసే పనేంటో ముందు తెలుసుకోండి

మనకి ఊళ్లో అలవాటైన పద్ధతి ఒకటుంది. బేరం కుదరగానే బయానా ఇస్తాం, ఈసీ తీయిస్తాం, లింక్ డాక్యుమెంట్లు ఒక లాయరుకి చూపిస్తాం, ఒక రోజు అందరం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి వేలిముద్రలు వేసి వస్తాం. ఇక్కడ ఆఫర్ ఒప్పుకున్న రోజున బయానా ఉండదు, సంతకం ఉండదు. కాంట్రాక్టులు ఎక్స్‌ఛేంజ్ అయ్యేదాకా, అంటే రెండు పక్షాలూ సంతకాలు పెట్టిన ఒప్పందాలు మార్చుకునేదాకా, అది మూడు నెలలు కావచ్చు ఆరు నెలలు కావచ్చు, ఇటువాళ్లయినా అటువాళ్లయినా ఒక్క పౌండ్ నష్టపరిహారం ఇవ్వకుండా తప్పుకోవచ్చు. ఎక్స్‌ఛేంజ్ రోజున కొనేవాళ్లు మామూలుగా ధరలో 10 శాతం డిపాజిట్ కట్టాలి, అప్పటినుంచి వాళ్లు మాట తప్పితే ఆ డిపాజిట్ పోయినట్టే. తర్వాత ఒక వారానికో రెండు వారాలకో కంప్లీషన్, అంటే మొత్తం డబ్బు వెళ్లి తాళాలు వచ్చే రోజు.

అమ్మడం, కొనడం రెండూ ఉన్నప్పుడు ఈ రెండు ఎక్స్‌ఛేంజ్‌లూ ఒకే రోజు, వీలైతే ఒకే గంటలో జరగాలి. మీది అమ్ముడై కొనేది జారిపోతే రోడ్డు మీద ఉంటారు, కొన్నది ఖాయమై అమ్మేది జారిపోతే రెండిళ్ల అప్పు నెత్తిన పడుతుంది. పైగా మీ ఇల్లు కొనేవాళ్లు వాళ్ల ఫ్లాట్ అమ్ముతుంటారు, మీకు అమ్మేవాళ్లు ఇంకో ఇల్లు కొంటుంటారు, ఇలా రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగిలించి ఉంటాయి, దీన్నే చైన్ అంటారు. ఆ రోజున ఈ పెట్టెల సొలిసిటర్లందరూ ఒకరికొకరు ఫోన్ చేసుకుంటూ, మాట ఇచ్చిపుచ్చుకుంటూ ఎక్స్‌ఛేంజ్ చేస్తారు. మధ్యలో ఒక్కరు లంచ్‌కి వెళ్లి ఫోన్ తీయకపోతే చైన్ మొత్తం సాయంత్రం దాకా ఆగుతుంది, కొన్నిసార్లు మర్నాటికి పోతుంది. అందుకే చట్టం తెలిసిన వాళ్లు అయితే చాలదు, ఫోన్ తీసే మనిషి కావాలి.

ఈ పని రెండు రకాల వాళ్లు చేస్తారు. సొలిసిటర్లు ఎస్‌ఆర్‌ఏ అనే సంస్థ నియంత్రణలో ఉంటారు, ప్రధానంగా ఇళ్ల బదిలీ పనే చేసే లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లు సీఎల్‌సీ అనే సంస్థ కింద ఉంటారు. మామూలు అమ్మకం కొనుగోలుకి ఎవరైనా ఒకటే. విడాకులో, చనిపోయినవాళ్ల పేరు మీదున్న ఆస్తో మధ్యలో ఉంటే మాత్రం ఆ పనులు కూడా చేసే సొలిసిటర్ ఫర్మ్ మేలు. ఇకపై ఇద్దరినీ కలిపి సొలిసిటర్ అనే రాస్తాను.

2. రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీద ఉండాలి

నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. అమ్మకం ఫైలూ కొనుగోలు ఫైలూ ఒకే ఫర్మ్‌లో, ఒకే మనిషి చేతిలో ఉండాలి. ఒకే ఫర్మ్ అని ఊరుకోకండి. కొన్ని పెద్ద ఫర్మ్‌లలో సేల్ టీమ్ ఒక ఊళ్లో, పర్చేజ్ టీమ్ ఇంకో ఊళ్లో ఉంటుంది, వాళ్లు ఒకరితో ఒకరు మీలాగే ఈమెయిల్‌లో మాట్లాడుకుంటారు. అలాంటప్పుడు ఒకే ఫర్మ్ అనే మాటకి అర్థం లేదు.

కంప్లీషన్ రోజున డబ్బు దారి చూస్తే ఇది అర్థమవుతుంది. మీ ఇల్లు కొనేవాళ్ల డబ్బు మీ సొలిసిటర్ అకౌంట్లోకి వస్తుంది, అందులోంచి పాత మార్ట్‌గేజ్ తీర్చేస్తారు, మిగిలినదానికి కొత్త మార్ట్‌గేజ్ డబ్బు కలిపి మీకు అమ్మేవాళ్ల సొలిసిటర్‌కి పంపుతారు. ఒకే ఫర్మ్ అయితే మధ్యలో ఒక బదిలీ ఉండదు. రెండు ఫర్మ్‌లయితే మిగిలిన డబ్బు ముందు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి చాప్స్‌లో (అదే రోజు చేరే బ్యాంకు బదిలీ) వెళ్లాలి, అక్కడ అకౌంట్స్ వాళ్లు చూడాలి, మళ్లీ పంపాలి. మామూలు కాంట్రాక్టు షరతుల ప్రకారం మధ్యాహ్నం 2 గంటల తర్వాత చేరిన డబ్బుని మరుసటి పనిరోజున చేరినట్టే లెక్కేస్తారు, చాలాచోట్ల ఒంటిగంట అని ఇంకా ముందుకి జరుపుతారు. మా కథ తేడా కొట్టింది అక్కడే.

అమ్మేదీ మీరే కొనేదీ మీరే కాబట్టి ఇందులో విరుద్ధ ప్రయోజనాల గొడవ రాదు. కానీ మీ ఇల్లు కొనేవాళ్లకో, మీకు అమ్మేవాళ్లకో పనిచేస్తున్న సొలిసిటరే మీకూ చేస్తానంటే వద్దనండి. అవతలి పక్షం లాయరే మనకీ లాయర్ అయితే, గోడలో పగులు కనిపించిన రోజున ఆయన ఎవరి వైపు మాట్లాడాలి?

ఇంకో చిక్కు డిపాజిట్‌ది. మీ ఫ్లాట్ 3,20,000 పౌండ్లకి అమ్ముతున్నారనుకోండి, కొనేవాళ్లు మీకిచ్చే 10 శాతం 32,000. మీరు కొనే ఇల్లు 4,50,000, అక్కడ 10 శాతం అంటే 45,000. వచ్చిన డిపాజిట్‌ని పైకి పంపడానికి మామూలు షరతులు ఒప్పుకుంటాయి గానీ మిగతా 13,000 ఎవరివ్వాలి? చాలామంది అమ్మేవాళ్లు తక్కువ డిపాజిట్‌కి ఒప్పుకుంటారు, కాకపోతే అడగాలి, ముందే అడగాలి. రెండు ఫైళ్లూ చూసే మనిషికి ఇది మొదటి వారంలోనే కనిపిస్తుంది. వేర్వేరు మనుషులైతే ఎక్స్‌ఛేంజ్‌కి ముందురోజు సాయంత్రం మీకు ఫోన్ వస్తుంది.

కొత్తగా కట్టిన ఇల్లు కొంటుంటే బిల్డర్ వాళ్ల సేల్స్ ఆఫీసులో ఫలానా సొలిసిటర్‌నే పెట్టుకోమంటారు, పెట్టుకుంటే కార్పెట్లు ఫ్రీ అని కూడా అంటారు. మీరు ఒప్పుకుని తీరాలని ఏమీ లేదు. బిల్డర్లు మామూలుగా 28 రోజుల్లో ఎక్స్‌ఛేంజ్ కావాలని తొందరపెడతారు. అమ్మే ఇల్లు చైన్‌లో ఉన్నప్పుడు అది ఎంతవరకు సాధ్యమో మీ మనిషినే అడిగి, ఆ తర్వాతే రిజర్వేషన్ ఫీజు కట్టండి.

3. ఇంటి ముందు బోర్డు పెట్టకముందే పెట్టుకోండి

అందరం చేసే తప్పు ఏంటంటే, ఆఫర్ వచ్చాక సొలిసిటర్ కోసం వెతకడం. అప్పుడు ఎస్టేట్ ఏజెంట్ రోజూ ఫోన్ చేసి సొలిసిటర్ ఎవరు, వివరాలు పంపండి అని తొందరపెడతాడు, ఆ టెన్షన్‌లో ఆయన చెప్పిన పేరుకే తల ఊపేస్తాం. ఇల్లు అమ్మాలని అనుకున్న వారంలోనే మాట్లాడిపెట్టుకుంటే, కొనేవాళ్లు దొరికేలోపు అమ్మకం వైపు కాగితాలన్నీ సిద్ధం చేసుకోవచ్చు. ఇంటి వివరాల ఫారం టీఏ6, ఇంట్లో ఏవి వదిలి ఏవి తీసుకెళ్తారో రాసే టీఏ10, ఈ రెండూ ఒక ఆదివారం కూర్చుని నింపండి. కర్టెన్ రాడ్లూ, గార్డెన్ షెడ్డూ, పూజగదిలా చేయించుకున్న అల్మరా కూడా అందులో రాయాలి, లేకపోతే తర్వాత పోట్లాట తప్పదు.

ఫ్లాట్ అమ్ముతుంటే ముందే పెట్టుకోవడం ఇంకా ముఖ్యం. లీజ్‌హోల్డ్ ఫ్లాట్లకి (స్థలం మీది కాకుండా, ఇన్నేళ్లని లీజు మీద ఉండేవి) మేనేజ్‌మెంట్ కంపెనీ నుంచి ఒక సమాచార ప్యాక్ తెప్పించాలి, దానికి కొన్ని వందల పౌండ్లు అవుతాయి, రావడానికి వారాలు పడుతుంది, ఎవరూ తొందరపడరు. కనీసం 11 మీటర్ల ఎత్తో, కనీసం అయిదు అంతస్తులో ఉన్న బిల్డింగ్ అయితే 2022 నాటి బిల్డింగ్ సేఫ్టీ చట్టం కింద ఇంకొన్ని సర్టిఫికెట్లు కావాలి. కొన్ని ఫర్మ్‌లు అలాంటి బిల్డింగుల కేసు అసలు తీసుకోవు, కాబట్టి మొదటి ఫోన్‌లోనే ఆ మాట చెప్పండి.

ఈక్విటీ లోన్ సంగతీ అంతే. మనవాళ్లు చాలామంది మొదటి ఇల్లు హెల్ప్ టు బై కింద, అంటే ధరలో కొంత ప్రభుత్వం అప్పుగా ఇచ్చిన పథకం కింద కొన్నారు, రెడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్, ఏ కొత్త కాలనీకి వెళ్లినా కనిపిస్తారు. ఆ లోన్ తీసుకున్నంత కాకుండా, ఇంటి ఇప్పటి విలువలో అదే శాతం తిరిగి కట్టాలి. దానికి ఆర్‌ఐసీఎస్ (సర్వేయర్ల వృత్తి సంస్థ) గుర్తింపున్న సర్వేయర్‌తో వాల్యుయేషన్ చేయించాలి, అది మూడు నెలలే చెల్లుతుంది. మరీ ముందు చేయిస్తే గడువు దాటి మళ్లీ డబ్బులు, మరీ ఆలస్యమైతే చైన్ ఆగుతుంది. ఈ పని చేసిన అనుభవం ఉందా అని సొలిసిటర్‌ని అడిగి, ఎప్పుడు చేయించాలో వాళ్లనే చెప్పమనండి.

ఒక హెచ్చరిక. వెనక కట్టించిన ఎక్స్‌టెన్షన్‌కో, అటకని గది చేయించినదానికో బిల్డింగ్ కంట్రోల్ సర్టిఫికెట్ (కట్టడం నిబంధనల ప్రకారం ఉందని ఇచ్చే కాగితం) కనిపించకపోతే కంగారుపడి కౌన్సిల్‌కి ఫోన్ చేయకండి. అలాంటి లోటుకి సొలిసిటర్లు ఒక ఇన్సూరెన్స్ పాలసీ తీయించి పని నడిపిస్తారు. కౌన్సిల్‌ని ఒకసారి కదిలించామంటే ఆ పాలసీ మామూలుగా దొరకదు. ముందు సొలిసిటర్‌కి చెప్పి, వాళ్లేం చెబితే అది చేయండి.

4. ఎక్కడ వెతకాలి

ఎస్టేట్ ఏజెంట్ చెప్పే పేరు చెడ్డదే కావాలని లేదు, కానీ ఆ పేరు వెనక చాలాసార్లు రెఫరల్ ఫీజు ఉంటుంది, అది చివరికి మీ బిల్లులోంచే పోతుంది. ఎంత అని మొహమాటపడకుండా అడగండి, చెప్పాల్సిన బాధ్యత వాళ్లకి ఉంది. మన తెలుగు వాట్సాప్ గ్రూపులో అడిగితే పది నిమిషాల్లో పదిహేను పేర్లు వస్తాయి, అందులో సగం అప్పుడెప్పుడో మొదటి ఇల్లు కొన్నవాళ్లు చెప్పినవి. వాళ్లు కొన్నారంతే, అమ్మలేదు, చైన్ చూడలేదు. కాబట్టి ప్రశ్న మార్చి అడగండి, గత ఏడాదిలో ఒకే రోజు అమ్మి కొన్నవాళ్లు ఎవరున్నారు, వాళ్ల ఫైలు చూసిన మనిషి పేరేంటి అని. ఫర్మ్ పేరుకంటే మనిషి పేరు పనికొస్తుంది.

మూడు నాలుగు పేర్లు వచ్చాక ఎస్‌ఆర్‌ఏ సైట్లోనో, సీఎల్‌సీ సైట్లోనో ఆ ఫర్మ్ నిజంగా ఉందో లేదో చూడండి, ఇది అయిదు నిమిషాల పని. సొలిసిటర్ల సంఘమైన లా సొసైటీ వాళ్ల కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ గుర్తింపు ఉంటే మంచిదే. ఆ తర్వాత మీ కొత్త మార్ట్‌గేజ్ ఇచ్చే బ్యాంకు ప్యానెల్‌లో, అంటే ఆ బ్యాంకు ఒప్పుకున్న సొలిసిటర్ల జాబితాలో వాళ్లున్నారా అని కనుక్కోండి. ఇది మర్చిపోతే ఖరీదైన తప్పు. ప్యానెల్‌లో లేకపోతే బ్యాంకు తన తరఫున ఇంకో సొలిసిటర్‌ని పెడుతుంది, ఆ ఖర్చు మీదే, ఆలస్యమూ మీకే. బ్రోకర్ ఇంకా బ్యాంకు ఖాయం చేయలేదంటే, అనుకుంటున్న రెండు మూడు బ్యాంకుల పేర్లూ ఇచ్చి అన్నిటి ప్యానెల్‌లో ఉన్నారేమో అడగండి.

ఆఫీసు మీ ఊళ్లోనే ఉండాలా అంటే అక్కర్లేదు, పని అంతా ఈమెయిల్, ఫోన్ మీదే నడుస్తుంది. కాకపోతే నడిచి వెళ్లగలిగే ఆఫీసు అయితే జవాబు రానప్పుడు రిసెప్షన్‌లో వెళ్లి కూర్చోవచ్చు, నేను ఒకసారి అదే చేశాను, అరగంటలో పని అయింది.

5. ఫోన్ చేసి ఇవి అడగండి

ఈమెయిల్‌లో కోట్ తెప్పించుకుని ఊరుకోవద్దు, ఫోన్ చేయండి. ఫోన్ ఎవరు తీశారు, ఎంతసేపటికి తీశారు, మీ ఫైలు చూడబోయే మనిషితో మాట్లాడనిచ్చారా లేదా అనేదే మొదటి పరీక్ష. కస్టమర్ కావాలనుకుంటున్న రోజునే మాట్లాడనివ్వని వాళ్లు, డబ్బు కట్టేశాక మాట్లాడనిస్తారా?

నేను రెండోసారి సొలిసిటర్లని అడిగిన మాటలు ఇలా ఉన్నాయి. రెండు ఫైళ్లూ మీరే చూస్తారా? మీరు సెలవులో ఉంటే ఎవరు చూస్తారు, వాళ్ల పేరు చెప్తారా? ఇప్పుడు మీ చేతిలో ఎన్ని ఫైళ్లున్నాయి? (ఒకాయన నూట ముప్పై అన్నాడు, నిజం చెప్పినందుకు థాంక్స్ చెప్పి పెట్టేశాను.) ఈమెయిల్‌కి ఎన్ని రోజుల్లో జవాబిస్తారు? సెర్చ్‌లు (కౌన్సిల్ లాంటి చోట్ల ఇంటి గురించి చేయించే విచారణలు) ఎప్పుడు ఆర్డర్ చేస్తారు, నేను డబ్బు కట్టిన రోజునా, మార్ట్‌గేజ్ ఆఫర్ వచ్చాకా? కౌన్సిల్ సెర్చ్‌లు కొన్నిచోట్ల రోజుల్లో వస్తాయి, కొన్నిచోట్ల వారాలు పడతాయి, కాబట్టి ఈ జవాబు మీద చాలా ఆధారపడుతుంది. కొనేవాళ్లు తప్పుకుంటే అమ్మకం వైపు ఫీజు ఎంత పోతుంది, ఇంకొకరు దొరికినప్పుడు అదే ఫైలు కొనసాగుతుందా, కొత్తగా మొదలుపెడతారా? చివరగా, గత నెలలో మీరు చేసిన చైన్లలో అన్నిటికంటే పెద్దది ఎన్ని ఇళ్లది?

ఆ ఆఖరి ప్రశ్నకి ఒక ఫర్మ్‌లో సొలిసిటర్ ఆవిడ నవ్వి, "ఏడు ఇళ్లు, అందులో మూడో ఇంటాయన ఎక్స్‌ఛేంజ్ రోజున గోల్ఫ్ ఆడటానికి వెళ్లాడు, ఫోన్ కారులో వదిలేశాడు" అని పది నిమిషాలు చెప్పింది. అప్పుడే ఆవిణ్ణి పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాను.

6. కోట్‌ని కింది నుంచి చదవండి

2018 డిసెంబర్ నుంచి ఇళ్ల అమ్మకం కొనుగోలు ఫీజుల వివరాలు సొలిసిటర్లు తమ సైట్లో పెట్టాలనే నియమం ఉంది. ఉంది గానీ పైన కనిపించే అంకెని నమ్మకండి. నాకు వచ్చిన అన్నిటికంటే చవక కోట్ ఇలా ఉంది. అమ్మకానికి 595, కొనడానికి 595, మొత్తం 1,190 పౌండ్లు. కింద చిన్న అక్షరాల్లో లీజ్‌హోల్డ్‌కి 250, మార్ట్‌గేజ్ బ్యాంకు తరఫున పనిచేసినందుకు 125, స్టాంప్ డ్యూటీ ఫారం నింపినందుకు 95, ఇంట్లోవాళ్లు డబ్బు ఇస్తే ఆ పరిశీలనకి 100, బ్యాంకు బదిలీలు రెండింటికి 80, ఇద్దరి గుర్తింపు తనిఖీకి 40. కలిపితే 1,880, దాని మీద 20 శాతం వ్యాట్, మొత్తం 2,256. ఇందులో సెర్చ్‌ల ఖర్చూ లాండ్ రిజిస్ట్రీ ఫీజూ ఇంకా లేవు. ఖరీదు ఎక్కువ అనిపించిన ఇంకో ఫర్మ్ అన్నీ కలిపి ఇచ్చిన కోట్ దీనికంటే 110 పౌండ్లే ఎక్కువ.

అన్ని ఫర్మ్‌లకీ ఒకే వివరాలు పంపండి, ఫ్లాటా ఇల్లా, ధరలు ఎంత, మార్ట్‌గేజ్ ఉందా, ఈక్విటీ లోన్ ఉందా, ఇండియా నుంచి డబ్బు వస్తుందా. తేడా ఎక్కడొస్తుందో అప్పుడే తెలుస్తుంది. "నో సేల్ నో ఫీ" అని ఉంటే అది రెండు ఫైళ్లకీనా ఒకదానికేనా అని అడగండి. సెర్చ్‌లకి పెట్టిన డబ్బు ఎలాగూ వెనక్కి రాదు.

7. ఇండియా డబ్బు గురించి మొదటి రోజే చెప్పండి

డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో రుజువులు అడగడం సొలిసిటర్‌కి చట్టం పెట్టిన బాధ్యత, అనుమానం అనుకోవద్దు. నాన్నగారు ఊళ్లో స్థలం అమ్మి పంపితే సేల్ డీడ్, ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్లు, బదిలీ కాగితాలు, ఇది బహుమతి, ఇంట్లో నాకు వాటా అక్కర్లేదని ఆయన సంతకం పెట్టిన ఉత్తరం, అన్నీ కావాలి. సేల్ డీడ్ తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం కూడా అడుగుతారు. ఇండియాలో ఉండే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో పంపగలిగింది రెండున్నర లక్షల డాలర్లు. మీ ఎన్‌ఆర్‌ఓ అకౌంట్ (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇండియాలో ఉండే రూపాయి ఖాతా) నుంచి అయితే ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా, దానికి ఇన్‌కమ్ టాక్స్ ఫారాలు, వాటికి అక్కడో సీఏ. ఇవన్నీ అయ్యేసరికి ఎన్ని వారాలు పడతాయో మీకే తెలుసు. ఇలాంటి కాగితాలు ఇంతకుముందు చూశారా అని సొలిసిటర్‌ని అడగండి, ఎన్‌ఆర్‌ఓ అంటే ఏంటి అన్నారంటే ప్రతి స్టేట్‌మెంట్‌కీ నాలుగు ఈమెయిళ్లు రాయడానికి సిద్ధపడండి.

హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉంటే అదీ చెప్పాలి. స్టాంప్ డ్యూటీలో రెండో ఇంటి లెక్కకి ప్రపంచంలో ఎక్కడున్న ఇల్లయినా వస్తుంది, మీ వాటా విలువ 40,000 పౌండ్లో అంతకంటే ఎక్కువో అయితే చాలు, భార్యాభర్తల్లో ఎవరి పేరున ఉన్నా ఒకటే. 2025 ఏప్రిల్ నుంచి నడుస్తున్న రేట్లలో 4,50,000 ఇంటికి మామూలుగా 12,500 పౌండ్లు. రెండో ఇంటి అదనపు 5 శాతం మొత్తం ధర మీద పడితే ఇంకో 22,500, అంటే 35,000. ఊరట ఏంటంటే, మీరు ఉంటున్న ఇల్లు అమ్మి ఉండబోయే ఇల్లు కొంటుంటే, హైదరాబాద్ ఫ్లాట్ ఉన్నా ఆ అదనం పడదు. కానీ కొత్తది కొనే రోజుకి పాతది అమ్ముడై ఉండాలి. అమ్మకం వెనకబడితే ముందు 35,000 కట్టి, మూడేళ్లలోపు పాత ఇల్లు అమ్మి, తేడా వెనక్కి అడగాలి. రెండు కంప్లీషన్లూ ఒకే రోజు అని నేను అంత గట్టిగా పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

8. తేదీలు, సంతకాలు, ముహూర్తం

వేసవి సెలవులకి ఇండియా టికెట్లు కొనేసి ఉంటే మొదటి ఫోన్‌లోనే చెప్పండి. ఆస్తి బదిలీ పత్రం, మార్ట్‌గేజ్ డీడ్ మీద సంతకం పెట్టేటప్పుడు సాక్షి పక్కనే ఉండి చూడాలి, వీడియో కాల్‌లో చూస్తే సరిపోదు, ఆ సాక్షి మీ ఇంట్లోవాళ్లు కాకపోవడం మంచిది. మేము పక్కింటావిణ్ణి పిలిచి టీ ఇచ్చి సంతకం పెట్టించుకున్నాం.

ముహూర్తం సంగతి. కంప్లీషన్ తేదీ చైన్‌లో ఉన్న అయిదారు కుటుంబాలు కలిసి ఒప్పుకోవాలి, వాళ్లలో ఎవరికీ ఆషాఢమూ తెలియదు మూఢమూ తెలియదు. ఎక్స్‌ఛేంజ్ కాకముందు పంతులుగారికి తేదీ ఇచ్చేయకండి. తాళాలు వచ్చినప్పుడు తీసుకోండి, సామాను గరాజ్‌లో పెట్టుకోండి, పాలు పొంగించడం మంచి రోజు చూసుకుని చేసుకోండి. (హోమం చేస్తే స్మోక్ అలారం గుర్తుంచుకోండి, మాకు మంత్రాల మధ్యలో మోగింది.) శుక్రవారం మాత్రం వద్దనండి, అందరూ శుక్రవారమే కోరుకుంటారు, బ్యాంకులూ సొలిసిటర్లూ వ్యాన్లూ అన్నీ ఆ రోజే బిజీ, డబ్బు చేరకపోతే సోమవారం దాకా హోటల్లో ఉండాలి. కొత్త ఇంటి ఇన్సూరెన్స్ ఎక్స్‌ఛేంజ్ రోజునుంచే మొదలయ్యేలా తీసుకోండి, తాళాల రోజు నుంచి కాదు.

డబ్బు పంపేముందు ఇంకొక్కటి. మా బ్యాంకు అకౌంట్ మారింది అని సొలిసిటర్ పేరుతో ఈమెయిల్ వస్తే అది దొంగ ఈమెయిల్ అనుకోండి. ఎస్‌ఆర్‌ఏ సైట్లో ఉన్న నంబర్‌కి మీరే ఫోన్ చేసి, అకౌంట్ నంబర్ అంకెలు ఒక్కొక్కటిగా చదివించుకుని, అప్పుడు పంపండి.

9. సొలిసిటర్ పనిచేయకపోతే

మధ్యలో మార్చడం కుదురుతుంది, కానీ అప్పటిదాకా చేసిన పనికి డబ్బు కట్టి, ఫైలు తెచ్చుకుని, కొత్తవాళ్లు మళ్లీ మొదటినుంచి చదివేసరికి నెల పోతుంది, ఆ నెలలో చైన్ తెగిపోవచ్చు. ముందు అదే ఫర్మ్‌లో పైవాళ్లకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి వేరే మనిషిని అడగండి, చాలాసార్లు అది పనిచేస్తుంది. ఎనిమిది వారాల్లో తేల్చకపోతే లాయర్ల మీద ఫిర్యాదులు చూసే లీగల్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, అది ఉచితం.

10. తాళాలు వచ్చాక

స్టాంప్ డ్యూటీ రిటర్న్ 14 రోజుల్లో వెళ్లాలి, సొలిసిటరే పంపుతారు, పంపిన రసీదు అడిగి తీసుకోండి. లాండ్ రిజిస్ట్రీలో మీ పేరు ఎక్కడానికి నెలలు పట్టొచ్చు, అప్పటికి ఫైలు మూసేసి అందరూ మిమ్మల్ని మర్చిపోయి ఉంటారు. మన పేర్లతో ఇక్కడ ఎప్పుడూ ఒక తంటా ఉంటుంది, ఇంటిపేరు ముందా వెనకా, పాస్‌పోర్ట్‌లో ఒకలా బ్యాంకులో ఒకలా. మా రిజిస్టర్‌లో మా ఆవిడ ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది, ఎక్కినట్టు ఈమెయిల్ వచ్చిన వారంలోనే చూశాం కాబట్టి సొలిసిటర్ ఒక ఉత్తరంతో సరిచేయించింది. కాపీ తెప్పించుకోవడానికి 7 పౌండ్లు. చేతికి రాగానే పేర్లు పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి.